నరం కోసినా మళ్లీ పుండు: వేగాటమీ జరిగిన మూడున్నర దశాబ్దాలకు ఒక కేసు

రోగి 62 ఏళ్ల మిర్చి రైతు, గుంటూరు జిల్లా. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. నాలుగు రోజులుగా విరేచనం తారులా నల్లగా, జిగటగా అవుతోందనీ, మంచం మీద నుంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయనీ కొడుకు తీసుకొచ్చాడు. నాడి నిమిషానికి 112, బీపీ 96/60, హిమోగ్లోబిన్ 6.8. కడుపునొప్పి పెద్దగా లేదు. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన డైక్లోఫెనాక్ రెండు నెలలుగా వేసుకుంటున్నారు. రోజుకు నాలుగైదు చుట్టలు కాలుస్తారు. మందు అలవాటు లేదు.

చొక్కా పైకెత్తితే రొమ్ము ఎముక కింద నుంచి బొడ్డు దాకా నిలువుగా పాత కుట్ల మచ్చ. 1988లో, ఆయనకు 27 ఏళ్లప్పుడు, ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగిన ఆపరేషన్. కాగితాలు లేవు గానీ ఆయన జ్ఞాపకం స్పష్టంగా ఉంది: "పేగులో పుండు ముదిరి అన్నం కిందికి దిగేది కాదండీ. పొద్దున తిన్నది సాయంత్రానికి కక్కేసేవాణ్ణి. నరం కోసి, పొట్టకీ పేగుకీ దారి వేశారు." అంటే పొట్టకు పోయే వేగస్ నరాన్ని మొదలంటా కోసే ట్రంకల్ వేగాటమీ, పొట్టను చిన్నపేగు మధ్య భాగమైన జెజునానికి కలిపే గ్యాస్ట్రోజెజునాస్టమీ (జీజే). 1970ల నుంచి 90ల దాకా మన ప్రాంతపు సర్జికల్ వార్డుల్లో రోజువారీ పని అది. చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలో పుండ్లు, అవి మాని ముడుచుకుపోయి పొట్ట కింది ద్వారం పైలోరస్ మూసుకుపోవడం దక్షిణ భారతంలో అంత ఎక్కువగా ఉండేవి. ఇప్పుడు శిక్షణలో ఉన్న సర్జన్లలో చాలామంది ఈ ఆపరేషన్ ఒక్కసారి కూడా చేసి ఉండరు. కానీ అది జరిగిన మనుషులు మాత్రం మన ఓపీలకు వస్తూనే ఉన్నారు. ఈ కేసు వివరంగా రాయడానికి కారణం అదే.

రెండో రోజు ఆయన నన్ను అడిగిన ప్రశ్న ఇది: "నరం కోసేస్తే ఇంక యాసిడ్ ఊరదని అప్పుడు చెప్పారు గదండీ. మరి ఈ పుండు ఎట్లా వచ్చిందండీ?"

చాలా సరైన ప్రశ్న.

మొదటి రెండు రోజులు

సెలైన్, రెండు యూనిట్ల రక్తం, సిర ద్వారా పాంటోప్రజోల్ ఇచ్చి పరిస్థితి నిలకడగా ఉన్నాక, 24 గంటల్లోపే ఎండోస్కోపీ చేశాం. పొట్టలో పిత్తం నిలిచి ఉంది. పైలోరస్ దగ్గర మచ్చకట్టి దారి సన్నబడింది. జీజే ద్వారం వెడల్పుగా తెరుచుకునే ఉంది. ద్వారానికి జెజునం వైపు అంచున సెంటీమీటరు పుండు. అడుగు శుభ్రంగా ఉంది, రక్తనాళం బయటపడలేదు, రక్తపు గడ్డ అంటుకుని లేదు. క్లిప్పు, ఇంజెక్షన్ అవసరం పడలేదు. పుండు అంచుల నుంచి, ద్వారం చుట్టూ, పొట్ట పైభాగం నుంచి బయాప్సీలు తీసుకున్నాం. ఆపరేషన్ జరిగి 20 ఏళ్లు దాటిన పొట్టలో క్యాన్సర్ అవకాశం కొంత పెరుగుతుంది కాబట్టి ద్వారం చుట్టూ బయాప్సీ తీయకుండా రావద్దని నేను మా జూనియర్లకు గట్టిగా చెబుతాను. పుండ్లు తెచ్చే హెలికోబాక్టర్ పైలోరి క్రిమి కోసం చేసే రాపిడ్ యూరియేజ్ పరీక్ష నెగటివ్ వచ్చింది. రక్తస్రావం అవుతున్నప్పుడు, పీపీఐ (పాంటోప్రజోల్ లాంటి యాసిడ్ ఆపే మందు) ఇచ్చాక వచ్చే నెగటివ్‌ను లెక్కలోకి తీసుకోకూడదు. తరవాత వచ్చిన బయాప్సీ రిపోర్టులో పొట్ట పైభాగంలో హెలికోబాక్టర్ పైలోరి కనిపించింది. క్యాన్సర్ లేదు.

అసలు ఆలోచనలో పడేసినవి రక్త పరీక్షలు. ఎర్రకణాల సగటు పరిమాణం చెప్పే ఎంసీవీ 86, అంటే మామూలే. కానీ కణాల పరిమాణంలో తేడాలు చెప్పే ఆర్‌డీడబ్ల్యూ 22, అంటే ఎక్కువ. స్మియర్‌లో పాలిపోయిన చిన్న కణాలూ, పెద్ద కణాలూ కలిసి ఉన్నాయి. ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ 8. బీ12 128. రెండూ తక్కువే. నాలుగు రోజుల రక్తస్రావం ఫెరిటిన్‌ను అంత కిందికి దించలేదు. ఇనుము లోపం కణాన్ని చిన్నది చేస్తే, బీ12 లోపం పెద్దది చేసింది. రెండూ కలిసి సగటును మామూలుగా చూపించాయి. ఎంసీవీ ఒక్కటే చూసి ఊరుకుంటే రెండు లోపాలూ తప్పించుకునేవి. బీ12 లోటు నరాలనూ దెబ్బతీస్తుంది. చీలమండల దగ్గర ట్యూనింగ్ ఫోర్కు కంపనం ఆయనకు తెలియలేదు. "చెప్పులు జారిపోయినా తెలియట్లేదండీ, రెండేళ్లయింది" అన్నారు. షుగర్ లేదు.

ఇక్కడే చిక్కు ఉంది. ఇనుమూ బీ12 తగ్గడం యాసిడ్ తక్కువైన పొట్ట లక్షణం. జెజునం అంచున పుండు యాసిడ్ ఉన్న పొట్ట లక్షణం. రెండూ ఒకే పొట్టలో ఎలా ఉన్నాయి?

నరం తెగితే ఏం తగ్గుతుంది, ఎంత తగ్గుతుంది

వేగస్ నరం పొట్టకు యాసిడ్ ఆజ్ఞను ఒక్క దారిలో పంపదు. దాని చివర్లలో విడుదలయ్యే అసిటైల్‌కోలిన్ యాసిడ్ ఊరించే పెరైటల్ కణాన్ని నేరుగా ప్రేరేపిస్తుంది. పక్కనే ఉండే ఈసీఎల్ కణాల నుంచి హిస్టమిన్ వచ్చేలా చేస్తుంది. పొట్ట దిగువ భాగంలో వేరే రసాయనం ద్వారా జీ కణాల నుంచి యాసిడ్ పెంచే హార్మోన్ గ్యాస్ట్రిన్‌ను విడుదల చేయిస్తుంది. యాసిడ్‌కు కళ్లెం వేసే సొమాటోస్టాటిన్‌ను అణచిపెడుతుంది. అన్నం చూసినప్పుడు, వాసన తగిలినప్పుడు, నములుతున్నప్పుడు ఊరే రసమంతా వేగస్ పుణ్యమే. రష్యాలో పావ్‌లోవ్ కుక్కల మీద చూపించింది ఇదే: తిన్న తిండి పొట్టలోకి చేరకుండా అన్నవాహిక నుంచే బయటికి పోయేలా చేసినా జఠర రసం ధారగా వచ్చేది, వేగస్ నరాలు కోస్తే అది ఆగిపోయేది. జీర్ణక్రియ మీద ఆయన పనికి 1904లో నోబెల్ వచ్చింది. ఆ పునాది మీదే 1943లో షికాగోలో లెస్టర్ డ్రాగ్‌స్టెడ్ ఆంత్రమూలం పుండుకు వైద్యంగా వేగాటమీని మొదలుపెట్టారు.

నరం తెగాక, ఏమీ తినకుండా ఉన్నప్పుడు ఊరే యాసిడ్ సుమారు 80 శాతం తగ్గుతుంది. గ్యాస్ట్రిన్ లాంటి మందుతో గరిష్ఠంగా ప్రేరేపించినప్పుడు వచ్చేది మాత్రం సుమారు సగమే తగ్గుతుంది. పెరైటల్ కణాలు చావవు. వాటి మీద గ్యాస్ట్రిన్, హిస్టమిన్ గ్రాహకాలు అలాగే ఉంటాయి. నరం తోడు లేక వాటి స్పందన మందగిస్తుంది, అంతే. పైగా యాసిడ్ తగ్గిన పొట్టలో గ్యాస్ట్రిన్ పెరుగుతుంది, ఆ పెరిగిన గ్యాస్ట్రిన్ మిగిలిన కణాలను తడుతూనే ఉంటుంది. ఆపరేషన్ తరవాత మొదటి నెలల్లో కనిపించే తగ్గుదల కొందరిలో ఏళ్లు గడిచేకొద్దీ కొంత వెనక్కి వస్తుంది. కాబట్టి 1988లో ఆయనకు "ఇంక ఊరదు" అని చెప్పిన మాట ధైర్యం చెప్పడానికి సరిపోతుంది గానీ ఫిజియాలజీ ప్రకారం నిజం కాదు.

పెప్సిన్ విషయం మన చర్చల్లో ఎప్పుడూ వెనక్కి పోతుంది. అది నాకు నచ్చదు. పుండు వచ్చేది యాసిడ్ ఒక్కదానితోనే కాదు, యాసిడ్‌లో చురుకైన పెప్సిన్ మాంసకృత్తులతో కట్టిన పొరను అరిగించడం వల్ల కూడా. చీఫ్ కణాల నుంచి పెప్సినోజన్ విడుదల చేయించే సంకేతాల్లో వేగస్‌దే పెద్ద చేయి. అది తెగితే పెప్సిన్ మీద దెబ్బ మూడు వైపుల నుంచి పడుతుంది. నేరుగా వచ్చే నరం సంకేతం పోతుంది. పొట్టలో యాసిడ్ తగిలినప్పుడు గోడలోని స్థానిక నరాలు చీఫ్ కణాలను తట్టే చిన్న ప్రతిచర్య ఒకటుంది, యాసిడ్ తగ్గడంతో అదీ మందగిస్తుంది. చివరికి విడుదలైన కొద్దిపాటి పెప్సినోజన్ కూడా పెప్సిన్‌గా మారడానికి పీహెచ్ 5 కంటే కిందికి దిగాలి, బాగా పనిచేయడానికి 2 దగ్గరికి రావాలి. మధ్యాహ్నం భోజనం తరవాత పీహెచ్ 5 దగ్గరే ఆగిపోయిన పొట్టలో ఎంజైమ్ ఉన్నా పని ఉండదు.

దీనివల్ల పప్పు, గుడ్డు అరగకుండా పోవు. క్లోమం నుంచి వచ్చే ట్రిప్సిన్ ఆ పని అందుకుంటుంది. కానీ ఆహారంలోని బీ12 మాంసకృత్తులకు అతుక్కుని ఉంటుంది. దాన్ని విడదీసేది పొట్టలోని యాసిడూ పెప్సినే. వేగాటమీ తరవాత, బీ12 ఒంటబట్టడానికి కావలసిన ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ తగ్గినా అవసరానికి సాధారణంగా సరిపోతుంది. విడదీసే చేయి లేకపోవడమే లోపం. అందుకే మాత్రలోని బీ12 ఒంటబట్టే మనిషికి మాంసం, పాలల్లోని బీ12 ఒంటబట్టకపోవచ్చు. శరీరంలో నిల్వ ఏళ్లకు సరిపడా ఉంటుంది కాబట్టి ఈ లోటు బయటపడడానికి చాలా కాలం పడుతుంది. ఇనుము సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. ఆకుకూరల్లో, ధాన్యాల్లో ఉండే ఇనుము యాసిడ్‌లోనే కరిగి ఉంటుంది. అది ఒంటబట్టే ప్రధాన చోటు ఆంత్రమూలం. ఈయనకు యాసిడ్ తగ్గింది, పైగా తిండి ఆంత్రమూలాన్ని తప్పించి నేరుగా జెజునంలోకి పోతోంది.

క్లోమం, పిత్తాశయం, విరేచనాలు

"పొద్దున్నే రెండు మూడు సార్లు పల్చగా పోవడం ఆపరేషన్ నాటి నుంచీ ఉన్నదే అండీ." తీపి తిన్న అరగంటలో చెమటలు, గుండెదడ, కాసేపు పడుకుంటే సర్దుకోవడం. ఆయన దీన్ని జబ్బుగా కూడా అనుకోలేదు, ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. పెళ్లి భోజనాల్లో స్వీటు ముట్టరు.

ట్రంకల్ వేగాటమీలో నరాన్ని అన్నవాహిక దగ్గరే మొదలంటా కోస్తారు. దాంతో పొట్టకు పోయే కొమ్మలే కాకుండా కాలేయం, పిత్తాశయం వైపు, క్లోమం, పేగుల వైపు పోయే కొమ్మలూ తెగుతాయి. వేగస్‌లో ఎక్కువ భాగం పోగులు పైకి కబురు మోసేవి. పేగులోకి కొవ్వు, మాంసకృత్తులు వచ్చాయని మెదడుకు చెప్పి, క్లోమం చేత ఎంజైములు విడుదల చేయించే వలయం వాటి మీదే నడుస్తుంది. అది తెగితే భోజనానికి క్లోమం ఇచ్చే స్పందన తగ్గుతుంది. ఇక జీజే దారిలో తిండి ముందే జారిపోతే ఎంజైములు, పిత్తం వెనకగా వచ్చి కలుస్తాయి. ఈయన మలంలో క్లోమం ఎంజైమ్ ఎలాస్టేజ్ 340 వచ్చింది, మామూలే. అంటే గ్రంథిలో సరుకు ఉంది, వేళ కుదరడం లేదు. క్లోమం ఎంజైమ్ మాత్రలు మొదలుపెట్టకపోవడానికి కారణం ఇదే. బరువు కూడా ఏళ్లుగా నిలకడగా ఉంది.

అల్ట్రాసౌండ్‌లో పిత్తాశయం పెద్దదిగా, లోపల చిన్న రాళ్లతో కనిపించింది. నరం తెగిన పిత్తాశయం సరిగా ముడుచుకోదు. నొప్పి ఎప్పుడూ రాలేదు కాబట్టి దాన్ని ముట్టుకోలేదు.

పొట్టలో యాసిడ్ ఊరే భాగానికి పోయే చిన్న కొమ్మలను మాత్రమే ఏరి కోసే హైలీ సెలెక్టివ్ వేగాటమీ 1970 నాటికే ఇంగ్లండులోని లీడ్స్‌లో, డెన్మార్క్‌లోని కోపెన్‌హేగెన్‌లో మొదలైంది. పైలోరస్‌కు పోయే కొమ్మ మిగులుతుంది కాబట్టి వేరే దారి వేయనక్కర్లేదు, ఈ విరేచనాల బాధా చాలా తక్కువ. పుండు మళ్లీ వచ్చే అవకాశం మాత్రం ఎక్కువ. అయితే పైలోరస్ మూసుకుపోయిన మనిషికి ఎలాగూ దారి వేయాల్సిందే. వాంతులతో చిక్కి శల్యమై వచ్చిన పాతికేళ్ల కుర్రాడికి ఆనాటి సర్జన్ చేసిన ఎంపిక సబబైనదే అని నా అభిప్రాయం. ఆయన మళ్లీ అన్నం తిన్నారు, పొలం చేశారు, పిల్లల్ని పెంచారు.

యాసిడ్ ఇంకా ఎక్కడి నుంచి?

పుండుకు కారణాలు వెతికితే డైక్లోఫెనాక్, చుట్టలు, పైలోరి మూడూ ఎదురుగానే ఉన్నాయి. వాటితోనే ఆగిపోవచ్చు. కానీ నరం పూర్తిగా తెగిందా అన్నది తెలిస్తే మున్ముందు పీపీఐ ఎంతకాలం ఇవ్వాలో నిర్ణయించడం తేలిక. ట్రంకల్ వేగాటమీలో తప్పిపోయేది ఎక్కువగా వెనకవైపు కాండమో, దాని నుంచి పైననే విడిపోయి అన్నవాహిక వెనకగా పొట్ట పైభాగానికి పోయే సన్నటి కొమ్మో. ఆ కొమ్మను సర్జన్లు గ్రాసీ పేరుతో "క్రిమినల్ నర్వ్" అంటారు, పుండు మళ్లీ రావడానికి అది ఒక్కటి మిగిలినా చాలని.

సీరమ్ గ్యాస్ట్రిన్ 190 వచ్చింది, కొద్దిగా ఎక్కువ. వేగాటమీ తరవాత ఇంతమాత్రం పెరగడం మామూలే. గ్యాస్ట్రిన్ ఊరించే కణితి గ్యాస్ట్రినోమాలో ఇది కొందరిలో వేలల్లోకి పోతుంది. కాల్షియం మామూలుగానే ఉంది.

పాత కాలంలో నరం తెగిందో లేదో చూడటానికి ఇన్సులిన్ ఇచ్చి షుగర్‌ను 45 కంటే కిందికి దించి, పొట్ట రసం కొలిచేవారు. హోలాండర్ పరీక్ష అది. అరవై దాటిన మనిషికి, అందులోనూ ఈమధ్యే రక్తం పోయిన మనిషికి అలాంటి ప్రమాదం పెట్టడం అన్యాయం. తిండి నమిలి ఉమ్మేసే ఉత్తుత్తి భోజనం పరీక్ష అదే ప్రశ్నకు భద్రంగా జవాబిస్తుంది. ఆయనకూ ఇంట్లో వాళ్లకూ వివరించి, ఒప్పుకున్నాక, ఎనిమిది వారాల తరవాత ఎండోస్కోపీలో పుండు మానిందని తేల్చుకుని చేశాం. పీపీఐ వారం ముందు ఆపి, మధ్యలో ఫామోటిడిన్ ఇచ్చి, అదీ రెండు రోజుల ముందు ఆపాం.

ముక్కు గొట్టం ద్వారా మొదట ఒక గంట రసం తీశాం: 50 మిల్లీలీటర్లు, యాసిడ్ 0.6 మిల్లీమోల్, పీహెచ్ 2.8. తరవాత ఆయన భార్య ఇంటి నుంచి తెచ్చిన వేడి అన్నం, ఆవకాయ, నెయ్యి. అరగంట సేపు నమిలి, ఒక్క మెతుకు మింగకుండా బేసిన్‌లో ఉమ్మేయాలి. ఇష్టమైన తిండి కాకపోతే ఈ పరీక్షకు అర్థం లేదు, హాస్పిటల్ ఇడ్లీతో వేగస్ కదలదు. మొదలుపెట్టినప్పటి నుంచి గంటలో 90 మిల్లీలీటర్లు, యాసిడ్ 4.5 మిల్లీమోల్, పీహెచ్ 1.5.

ఈ అంకెల్ని జాగ్రత్తగా చదవాలి. జీజే ఉన్న పొట్టలో కొంత రసం గొట్టానికి చిక్కకుండా పేగులోకి జారిపోతుంది. పైకి వచ్చే పిత్తం కొంత యాసిడ్‌ను చంపేస్తుంది. అంటే మనం కొలిచింది అసలుకంటే తక్కువే. ఇలాంటి పొట్టలో పరీక్షకు యాసిడ్ పెరగకపోతే ఏమీ తేల్చలేం. పెరిగితే మాత్రం నమ్మొచ్చు. నమలడానికే యాసిడ్ ఏడు రెట్లు పెరిగిందంటే మెదడు నుంచి పెరైటల్ కణం దాకా ఏదో ఒక దారి బతికే ఉంది. మామూలుగా ఈ స్పందనను గరిష్ఠ స్రావంతో పోల్చి, అందులో పదో వంతు కంటే తక్కువుంటే నరం పూర్తిగా తెగిందంటారు. గరిష్ఠంగా ఊరించే మందు పెంటాగ్యాస్ట్రిన్ మాకు దొరకలేదు కాబట్టి ఆ నిష్పత్తి కట్టలేదు. మిగిలిన కొమ్మేనా, మళ్లీ పెరిగిన పోగులా అన్నది ఈ పరీక్ష చెప్పదు. పెప్సిన్ మేం కొలవలేదు. అయితే పీహెచ్ 1.5 దగ్గర ఉన్నంత పెప్సిన్ పూర్తి బలంతో పనిచేస్తుంది.

ఇప్పుడు చిక్కు విడిపోతుంది. రోజులో ఎక్కువ భాగం ఈ పొట్టలో యాసిడ్ తక్కువ, పిత్తం ఎక్కువ. ఇనుము, బీ12 దశాబ్దాల పాటు తగ్గుతూ రావడానికి అది చాలు. భోజనం వేళ కాసేపు యాసిడ్, పెప్సిన్ ఎగదన్నుతాయి. ఆంత్రమూలానికైతే బ్రన్నర్ గ్రంథుల జిగురు, క్లోమం బైకార్బనేట్ రక్షణ ఉంటాయి. ద్వారం అంచున ఉన్న జెజునం పొరకు ఆ రక్షణ లేదు. ఆ పొర ఈ పోటును ముప్పై ఏళ్లకు పైగా తట్టుకుంది. డైక్లోఫెనాక్ వచ్చి ఉన్న కాస్త బలం తీసేసింది. ఆయన ప్రశ్నకు నేను ఇచ్చిన జవాబు ఇంతే: "అప్పుడు యాసిడ్ తగ్గించారు, ఆపలేదు. మిగిలిన యాసిడ్‌కి ఈ నొప్పి మాత్రలు తోడయ్యాయి."

చికిత్స

డైక్లోఫెనాక్ ఆపాం. చుట్టలు మానిపించడానికి కొడుకు కంటే కోడలే ఎక్కువ సాయం చేసింది. పైలోరికి పీపీఐ, బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్ 14 రోజులు ఇచ్చాం. మన దగ్గర క్లారిత్రోమైసిన్‌కు లొంగని పైలోరి ఎక్కువ కాబట్టి ఆ దారి పట్టలేదు. తగ్గిందా లేదా చూడటానికి యూరియా బ్రెత్ టెస్ట్ ఎంచుకోలేదు. దారి వేసిన పొట్ట నుంచి ద్రవం త్వరగా జారిపోతుంది, ఫలితం నమ్మలేం. పుండు మానిందో లేదో చూసిన రోజున కూడా ఆయన ఇంకా పీపీఐ మీదే ఉన్నారు, అప్పటి బయాప్సీ దీనికి పనికిరాదు. మరోసారి పీపీఐ రెండు వారాలు ఆపించి, ఎండోస్కోపీ చేసి తీసిన బయాప్సీలో పైలోరి లేదు.

ఇనుము సిర ద్వారానే ఇచ్చాం. ఈ పొట్టకు ఐరన్ మాత్రలు రాయడం కాలయాపన. బీ12 ఇంజెక్షన్లు మొదట రోజు మార్చి రోజు, తరవాత వారానికి, ఇప్పుడు మూడు నెలలకోసారి, జీవితాంతం. బీ12 అందకముందే ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తూ నరాలు దెబ్బతింటాయి. రక్తం తక్కువ అనగానే ఫోలిక్ యాసిడ్ రాసే అలవాటు ఉన్నవాళ్లు దయచేసి ఇది గుర్తుంచుకోండి. ఎముకల కోసం కాల్షియం సిట్రేట్ ఇచ్చాం, ఎందుకంటే కార్బనేట్ కరగడానికి యాసిడ్ కావాలి. విరేచనాలకు కొలెస్టిరమిన్ పొడి, మిగతా మందులకు నాలుగు గంటల ఎడంతో. రెండు వారాల్లో పొద్దున ఒక్కసారికి వచ్చింది. ఇన్నేళ్లలో దీనికి మందు ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మిగిలిన నరాన్ని ఛాతీ వైపు నుంచి కెమెరాతో కోసే ఆపరేషన్ ఉంది. దాన్ని ఎంచుకోలేదు. సంకేతం ఏ దారిలో వచ్చినా యాసిడ్ బయటికి వచ్చేది ప్రోటాన్ పంపు ద్వారానే, ఆ చివరి మెట్టును పీపీఐ మూసేస్తుంది. అయితే పీపీఐ ఇవ్వడమంటే ఇనుము, బీ12 ఒంటబట్టడానికి మిగిలిన కాస్త యాసిడ్‌నూ ఆపడమే. ఏ వాదన ఎక్కువ బరువో తేల్చడానికే ఉత్తుత్తి భోజనం పరీక్ష పనికొచ్చింది. నరం బతికే ఉందని తెలిశాక తక్కువ మోతాదు పాంటోప్రజోల్ కొనసాగించి, పోషకాల లోటును ఇంజెక్షన్లతో పూడ్చడం మేలనిపించింది. యాసిడ్ తక్కువైన పొట్టకు కలరా, టైఫాయిడ్ లాంటి క్రిములను ఆపే శక్తి కూడా తక్కువ. వానాకాలంలో పొలం దగ్గర బోరు నీళ్లు కాచి తాగమని ఇంట్లో వాళ్లకు చెప్పాం.

మూడు నెలలకు హిమోగ్లోబిన్ 11.9. కాళ్ల తిమ్మిరి కొంత తగ్గింది, కంపనం మాత్రం ఇంకా పూర్తిగా తెలియడం లేదు. రెండేళ్లు ఆలస్యమైన నరం ఎంతవరకు కోలుకుంటుందో చూడాలి. మోకాళ్ల నొప్పి అలాగే ఉంది. పారాసెటమాల్, ఫిజియోథెరపీతో నెట్టుకొస్తూ ఇప్పుడు మోకాలి మార్పిడి గురించి ఆలోచిస్తున్నారు. ఆ ఆపరేషన్ తరవాత రక్తం పల్చబడే మందులు ఇస్తారు, నొప్పి మాత్రలు కూడా రాసే అవకాశం ఉంది. అందుకే ఆర్థోపెడిక్ డాక్టరుకు రాసిన ఉత్తరంలో వేగాటమీ, జీజే, మిగిలిన నరం, నయమైన పుండు అన్నీ వివరించి, ఆ వారాల్లో పాంటోప్రజోల్ రెండు పూటలా ఇవ్వమనీ, డైక్లోఫెనాక్ జాతి మందు ఏదీ వద్దనీ కోరాం.